నిదానం బావ, నాన్న నూలు చొక్కా

మా బావని ఫ్యాక్టరీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. నిదానం అంటారు. ఎదురుగా అన్నా ఆయనేమీ అనుకోడు. అనుకోవడానికి కూడా ఆయనకి కొంచెం టైము పడుతుంది. ఆయన ఒక కప్పు టీ తాగేలోపు మా అక్క గిన్నెలన్నీ తోమేసి, తిరిగొచ్చి, ఆయన్ని తిట్టి మరీ వెళ్తుంది.

ఆయన పని అలాంటిది. బట్టలుతికే పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో కెటిల్ అనే పెద్ద పాత్ర ఆయన చేతిలో ఉంటుంది. అందులో ముందు కిరసనాయిల్ వంశానికి చెందిన ఒక నూనె పోస్తారు. చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది గానీ నీళ్లతో దానికి ఉప్పూ నిప్పూ. దాని మీదికి సల్ఫ్యూరిక్ యాసిడ్ సన్నటి ధారగా వదులుతారు. లోపల రెక్క గిరగిరా తిరుగుతుంటుంది, కెటిల్ ఒంటి చుట్టూ చన్నీళ్లు పారుతుంటాయి. నీళ్లంటే పడని నూనెకి నీళ్లతో పొత్తు కుదిర్చేది ఆ యాసిడే. చివరికి తేనెరంగు ముద్ద తయారవుతుంది, మన బకెట్లో నురగంతా దాని పుణ్యమే. యాసిడ్ గబగబా పోశారో, వేడెక్కి ముద్ద నల్లబడుతుంది. అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది: వాల్వు తెరిచిన చెయ్యే మూయాలి. మధ్యలో ఇంకొకరికి అప్పగించి పోవడం కుదరదు.

అక్క అప్పట్లో అదే ఫ్యాక్టరీలో పొడి ప్యాకెట్లు కట్టేది. అక్క ఉండగా ఇంట్లో అగ్గిపెట్టె దండగ అనేది అమ్మ. ఒకరోజు చన్నీళ్ల పంపు మొరాయించి పొడి గోధుమరంగులో వచ్చింది. దీన్ని ఎవడు వండాడో చూస్తానని అక్క కెటిల్ దగ్గరికి వెళ్లింది. నోరు నొప్పిపుట్టేదాకా తిట్టి, నవ్వుకుంటూ తిరిగొచ్చింది. కొన్నాళ్లకి, చేసుకుంటే ఆయన్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పింది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న దర్జీ. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు, నూలు తొడిగేవాళ్లూ పాలిస్టరు తొడిగేవాళ్లూ. రెండో రకాన్ని దుకాణం గడప తొక్కనిచ్చేవాడు కాదు. పాలిస్టరు కుట్టాల్సిన రోజు వస్తే కత్తెర అటకెక్కిస్తాననేవాడు.

బావ మొదటిసారి మా ఇంటికి పాలిస్టరు చొక్కాలో వచ్చాడు. నాన్న మొహం అప్పుడే మాడిపోయింది. అది చాలదన్నట్టు, డ్యూటీ నుంచి తెచ్చిన సంచీని బావ బల్ల మీద పెట్టాడు. ఆ బల్లగుడ్డ నాన్న పని నేర్చుకునే రోజుల్లో మొట్టమొదట కుట్టింది, అచ్చమైన నూలు. యాసిడ్ చుక్క నూలు మీద పడితే ఆ పూటకి ఏమీ కనబడదు. ఉతికినప్పుడు తెలుస్తుంది. అమ్మ ఉతికి ఆరేస్తే, యాసిడ్ అంటిన సంచీ అడుగు ఆనిన చోటల్లా గుడ్డ జల్లెడయింది. కెటిల్ మనుషులు యాసిడ్‌కి తేలిగ్గా లొంగని పాలిస్టరు ఎందుకు తొడుగుతారో నాకు అప్పుడే అర్థమైంది.

"గుడ్డకే దిక్కు లేదు, రేపు నా కూతురికేం దిక్కు?" అన్నాడు నాన్న.

"నువ్వు కుట్టిన బట్టలు కట్టుకునే పెళ్లి చేసుకుంటా. నువ్వు కుట్టనంటే పెళ్లే వద్దు," అని అక్క తలుపు వేసుకుంది. అక్క అన్నదంటే అన్నట్టే. నాకు భయం వేసింది.

మొహం మీదే కుదరదని చెప్పొస్తానని నాన్న ఫ్యాక్టరీకి బయల్దేరాడు. గొడవ పడకుండా చూడమని అమ్మ నన్ను వెంట పంపింది. మేము వెళ్లేసరికి బావ వాల్వు మీద చెయ్యి, థర్మామీటరు మీద కన్ను వేసి నిలబడి ఉన్నాడు. గాలి గొంతులో గరగరలాడుతోంది.

"ఏమయ్యా, నీతో మాట్లాడాలి. ఇలా బయటికి రా," అన్నాడు నాన్న.

"వాల్వు తెరిచానండి. మూసేదాకా రాలేను. ఆ కమ్మీ పట్టుకోకండి," అన్నాడు బావ, తల తిప్పకుండానే.

వద్దన్న పని చేయకపోతే ఆయన మా నాన్నే కాదు. కమ్మీ పట్టుకున్నాడు, తడి తగిలింది, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. బావ నా వైపు చూసి, "నాన్నగారిని కుళాయి దగ్గరికి తీసుకెళ్లమ్మా. చెయ్యి బాగా కడగాలి, చొక్కా కూడా తడిపేయండి," అన్నాడు. నాన్న చెయ్యి కడిగాడు. చొక్కాకి మాత్రం ఏమీ కాలేదని భీష్మించాడు.

తిరిగొచ్చి అందుకున్నాడు. బల్లగుడ్డ దగ్గర మొదలెట్టి బావ వంశం దాకా వెళ్లాడు. బావ వింటూనే వాల్వు మూశాడు. కాసేపాగి మళ్లీ కొంచెం తెరిచాడు. మళ్లీ మూశాడు. తిట్లు మధ్యలో ఆపి నాన్న అడిగాడు, "ఊరికే ఎందుకు మూస్తావు?"

"వేడెక్కుతోందండి. చల్లారాక మళ్లీ వదులుతా."

"తొందరపడితే?"

"నల్లబడుతుందండి. నల్లబడింది ఇక తెల్లబడదు."

"కత్తెర పడ్డ గుడ్డా అంతే," అన్నాడు నాన్న తనలో తను. పోట్లాటకి వచ్చినవాడు ఆ సన్నటి ధార చూస్తూ నిలబడిపోయాడు.

"మా పెద్దదాని కోపం ఎప్పుడైనా చూశావా?" అన్నాడు ఉన్నట్టుండి.

"చూశానండి, పొడి రంగు మారిన రోజు."

"ఏం చేశావు?"

"ఆగానండి."

నాకు నవ్వాగలేదు. నాన్న నన్ను కసిరి, ఇంటికి నడవమన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఇంట్లో అక్క అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరి మధ్యా అమ్మ ప్రాణం విలవిల్లాడింది.

ఆ వారం అమ్మ నాన్న చొక్కా ఉతికింది. దండెం మీద వేయబోతే పొట్ట దగ్గర గుడ్డ చేతిలోకి రాలింది. నాన్న తన చేత్తో కత్తిరించి కుట్టుకున్న చొక్కా అది. పెళ్లి గంగలో కలిసిందనుకుని అమ్మ దాన్ని కొంగు చాటున దాచబోయింది. నాన్న చూడనే చూశాడు. చొక్కా లాక్కుని ఒక చిల్లులోంచి వేలు బయటికి పెట్టి, ఆ వేలినే కాసేపు చూశాడు. అక్క గుమ్మంలో నిలబడింది.

"చెయ్యి కడుక్కోమన్నాడు, కడిగా. చొక్కా తడపమన్నాడు, వినలేదు," అన్నాడు నాన్న. మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ అక్క వైపు తిరిగాడు. "రేపు అతన్ని కొలతలకి రమ్మను. పాలిస్టరయితే పాలిస్టరే."

కోపం తప్ప ఇంకేదీ బయటపడనివ్వని మా అక్క అక్కడే కూలబడి ఏడ్చేసింది. నాన్న అటు చూడకుండా మిషను సొరుగు లాగి వెతకడం మొదలుపెట్టాడు.

"సన్న సూది ఎక్కడ పడేశారే? ఈ లావు సూదితో కుడితే పాలిస్టరు ముడతలు పడుతుంది," అని అరిచాడు.

జన్మలో పాలిస్టరు ముట్టని మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందో మాలో ఎవరమూ అడగలేదు. అందరం నేల మీద కూర్చుని ఆ సూది వెతికాం.