గుమ్మడి వడియాలకు కుక్క కాపలా

డాబా మీద ఆరబెట్టిన వడియాలకు పిల్లిని కాదని కుక్కను కాపలా పెట్టిన మహానుభావుణ్ణి నేనే. అక్కడితో ఆగితే తప్పు ఒకటే అయ్యేది. ఆ సాయంత్రం ఇంకొకటి కూడా చేశాను. దానికే ఇప్పటికీ తలదించుకుంటాను. ముందు మీరు నవ్వుకోండి, దాని సంగతి చివర్లో చెబుతాను.

మాది పాలకొల్లు. మా ఆవిడ సత్యవతి పెంచే పిల్లి పేరు చిట్టి. నేను తెచ్చిన కుక్క పేరు కెప్టెన్. ఏది గొప్పదన్న వాదన మా ఇంట్లో కాఫీతో మొదలై మజ్జిగన్నం దాకా సాగేది.

"పిలిస్తే రాదు. దొంగొస్తే దారిచ్చి పక్కకు తప్పుకుంటుంది. పిల్లి ఎందుకు సత్యా?" అనేవాణ్ణి.

"పిలవగానే పరిగెత్తుకొచ్చేదాన్ని నేనొక్కదాన్ని చాలనాండి ఈ ఇంటికి?" అనేది.

కిందటి వేసవిలో, రాజమండ్రిలో ఉండే మా మరదలు పద్మకి మూడో నెల. మంచినీళ్లు కూడా ఇమిడేవి కావు. "నీ గుమ్మడి వడియాలు నంజుకుంటే నాలుగు ముద్దలు దిగుతాయేమో అక్కా" అని ఫోన్లో ఏడ్చింది. సత్యవతి ఆ పూటే బూడిద గుమ్మడికాయ తెప్పించింది.

గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ మగవాడే వేయాలని మా వైపు ఆనవాయితీ. కత్తెత్తి ఒక్క వేటు వేశాను. ముక్కలు తరగడం, ఉప్పు వేసి మూటగట్టి బరువు పెట్టడం, మినప్పప్పు రుబ్బడం, తెల్లారకముందే లేచి పాత పంచె మీద వడియాలు పెట్టడం, అన్నీ సత్యవతి చేసింది. నేను మాత్రం ఆ ఒక్క వేటుకే వడియాల శాఖకు మంత్రినైనట్టు తిరిగాను.

ఆ రోజు ఆమె భీమవరంలో పెళ్లికి వెళ్లాలి. గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది: "చిట్టి పిట్టగోడ మీద కూర్చుంటే ఒక్క కాకీ వాలదండి. దాన్ని కదపకండి. కెప్టెన్‌ని మాత్రం పైకి తీసుకెళ్లకండి."

"నేనున్నాను కదా!" అన్నాను.

ఆటో సందు మలుపు తిరగ్గానే పైకెళ్లి చూశాను. చిట్టి కళ్లు మూసుకుని ఉంది. దీన్నా కాపలా అంటారు! చంకనెత్తుకుని కిందికి తెచ్చి సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం వేశాను. కెప్టెన్‌ని పైకి తీసుకెళ్లి, "చూపించరా నీ సత్తా!" అని వెన్ను తట్టాను. వాడు నిజంగానే చూపించాడు.

మొదటి కాకి ఇలా వాలిందో లేదో, అరుస్తూ దాని మీదికి దూకాడు. మధ్యలో వడియాలున్నాయన్న సంగతి కాకికి తెలుసు, వాడికి తెలియదు. ఈ కొసన తరిమితే కాకులు ఆ కొసన వాలేవి. ఆడపెళ్లివారి మనిషిలా అలుపూ సొలుపూ లేకుండా డాబా అంతా తిరుగుతున్నాడు. మూతినిండా మినప్పిండి, మంగలి షాపులో కుర్చీ ఎక్కినవాడిలా ఉన్నాడు.

పక్కింటి సుబ్బారావు గారు వాళ్ల డాబా మీంచి కేకేశారు. "ఏమండోయ్! మీవాడి కాపలా అమోఘమండి!"

"జాతి అలాంటిదండి!"

"అదేనండి. ఇంతకీ దేనికండీ కాపలా? అక్కడేమీ కనపడట్లేదూ!"

అప్పుడు చూశాను. పంచె మీద వడియాలన్నీ పచ్చడైపోయాయి. కర్ర పుచ్చుకుని నేనూ రంగంలోకి దూకాను. కెప్టెన్ అది ఆటనుకున్నాడు. వాడి వెనక నేను, నా వెనక కాకులు!

సాయంత్రం సత్యవతి నేరుగా డాబా ఎక్కింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "అంతా కెప్టెనే చేశాడు."

చెప్పానుగా, రెండో తప్పు ఇదే. ఆ నింద పడుతున్నప్పుడు కూడా వాడు నన్ను చూసి తోక ఊపుతూనే ఉన్నాడు.

సత్యవతి వంగి పంచెను పరీక్షగా చూసింది. "ఇవి కెప్టెన్ పాదాలు. సరే. మరి ఈ హవాయి చెప్పుల అచ్చులు ఎవరివండీ? వాడికెప్పుడు కొన్నారు?"

మర్నాడు సంతకెళ్లి కొత్త కాయ తెచ్చాను. ఈసారి వేటుతో ఆగలేదు. తరిగాను, రుబ్బాను, నడుం పట్టేసినా వడియాలన్నీ నేనే పెట్టాను. సామాన్ల గదిలో పెట్టినందుకు చిట్టికి గిన్నెడు పాలు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. అది తాగి, కళ్లు మూసుకుని పిట్టగోడ మీద కూర్చుంది. కాకులు ఎదుటి కొబ్బరిచెట్టు మీంచే చూసి వెళ్లిపోయాయి. కదలకుండా కూర్చోవడం ఎంత గొప్ప పనో ఆ రోజు తెలిసింది. కెప్టెన్, నేనూ కింద మెట్ల దగ్గర కాపలా. నింద వేసినవాడి ఒళ్లోనే తలపెట్టి నిద్రపోయాడు వాడు. అది అంతకన్నా గొప్ప పనేమో!

వడియాలు రాజమండ్రికి నేనే పట్టుకెళ్లాను. పద్మ వేయించుకుని రెండోసారి అన్నం పెట్టించుకుంది. "చేయి మారినట్టుందే బావగారూ?" అంది. "ముందు నా కాలు పడిందమ్మా, అందుకే చేయి మారింది" అన్నాను.

గోదావరమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వడియాలు ఆరినన్నాళ్లూ డాబా మెట్లెక్కను. తప్పక ఎక్కాల్సి వస్తే, చిట్టి అనుమతి తీసుకుని, చెప్పులు కెప్టెన్‌కి అప్పగించి ఎక్కుతాను.