సైడిచ్చిన పతకం

మా పక్క ఊళ్లవాళ్లయితే నా బొమ్మ ఉన్న ఫ్లెక్సీని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మూడు చక్రాల బండిలో ముడుచుకుని కూర్చుని, నెత్తిన హెల్మెట్ బోర్లించుకుని, కుడిచెయ్యి చాపి ఎవరినో దీవిస్తున్నట్టు ఉంటాను. కింద ‘త్యాగమూర్తి సుగుణ’ అని పెద్ద అక్షరాలు. వాటికంటే పెద్దగా, ఫ్లెక్సీ వేయించినవాళ్ల మొహాలు. హిందూపురంలో ఒకాయన ఆ బొమ్మకు దండ కూడా వేయించాడట. బతికున్నవాళ్ల బొమ్మకు దండేమిటని ఎవరూ అడగలేదు. త్యాగమూర్తులు బతికున్నా ఒకటే లేకపోయినా ఒకటే కాబోలు.

అయ్యా, ఆ చెయ్యి ఎవరినీ దీవించటం లేదు. ఒక అంతర్జాతీయ పోటీలో, వేలమంది జనం చూస్తుండగా, చేతికందిన పతకాన్ని ఆ చెయ్యే సాగనంపింది. ఎలాగో చెబుతాను. విన్నాక మీరు ఆ ఫ్లెక్సీకి దణ్ణం మాత్రం పెట్టరు, అది నా హామీ.

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. పుట్టినప్పటినుంచీ నా కాళ్లు పనిచేయవు. ఆ లోటు పూడ్చాలనో ఏమో, నోరూ చేతులూ అవసరానికి మించి పనిచేస్తాయి. డిగ్రీ చదవడానికి హిందూపురం వెళ్లినప్పుడు, కాలేజీ ముందున్న వాలులో నా చక్రాల కుర్చీ ఒక ఆటోను దాటేసింది. ఆటోలో ఉన్నది రంగప్ప సార్. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సగం తెలుగు, సగం కన్నడం, మిగతాదంతా విజిలు. ఆయన ఆటో ఆపించి దిగి, నా దగ్గరికి ఉరుక్కుంటూ వచ్చాడు.

“ఏమ్మా, బ్రేకు పోయిందా?”

“లేదు సార్. క్లాసుకు టైమయింది.”

“రేపు పొద్దున రా. నీకు క్లాసు నేను చెప్తా.”

అలా మొదలైంది నా పరుగు. ఊళ్లో అందరినీ అడిగి దుడ్లు పోగుచేసి ఆయన ఒక పాత రేసు కుర్చీ తెప్పించాడు. అది మామూలు కుర్చీలా ఉండదు. ముందు ఒక చిన్న చక్రం పొడుగ్గా ముక్కు చాచినట్టు ఉంటుంది, వెనక రెండు పెద్ద చక్రాలు. మోకాళ్లు ముడుచుకుని, తల వంచి, గట్టి గ్లోవ్స్ వేసుకుని చక్రాలను గుద్దుతూ పోవాలి. తల ఎత్తితే వేగం పోతుంది, వెనక్కి తిరిగితే మనిషే పోతుంది.

కుర్చీ వచ్చింది, ట్రాకు లేదు. అందుకని హిందూపురం నుంచి పెనుకొండ వైపు వెళ్లే రోడ్డే మా స్టేడియం. ఆ రోడ్డు చూసినవాళ్లకు తెలుసు. అటువైపు ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లను మోసుకొచ్చే లారీలుంటాయి. ఒక్కొక్కటి మా వీధంత పొడుగు. నా కుర్చీ ఎత్తు వాటి చక్రంలో సగానికి కూడా రాదు. రంగప్ప సార్ మోపెడ్ మీద నా వెనకే వస్తూ నాకు నేర్పిన మొదటి పాఠం వేగం కాదు.

“హారన్ ఇనపడిందంటే ఆలోచన చేయొద్దమ్మా. నువ్వు ఆలోచించేలోగా వాడు నీ మీద ఎక్కేస్తాడు. ఎడమకు తిప్పు. కుడిచెయ్యి ఊపు. పోనీ వాణ్ణి.”

“చెయ్యెందుకు సార్?”

“ఊపకపోతే నువ్వు ఇన్నావో లేదో వానికెట్లా తెలుస్తాది? మళ్లా కొడతాడు. నా చెవులు పోతాయి.”

ఏళ్ల తరబడి అదే సాధన. హారన్, ఎడమ, చెయ్యి. హారన్, ఎడమ, చెయ్యి. చివరికి అది ఎంత ఒంటబట్టిందంటే, ధర్మవరంలో ఇంట్లో అన్నం తింటుంటే వీధిలో బస్సు హారన్ కొట్టినా పళ్లెంతో సహా ఎడమకు జరిగి చెయ్యి ఊపేదాన్ని.

“ఏమే, యాడికి పోతాండావే పళ్లెం ఎత్తుకొని?” అనేది మా అవ్వ. “ఆ చెయ్యేంది? ఇంగా అన్నం కావల్లనా, వద్దా?”

సరే. జిల్లా గెలిచాను, రాష్ట్రం గెలిచాను, దేశంలో గెలిచాను. పెద్ద అంతర్జాతీయ క్రీడలకు ఎంపికయ్యాను. ఆటగాళ్లకంటే అధికారులే ఎక్కువగా ఎక్కిన ఆ విమానంలో రంగప్ప సార్‌కు మాత్రం సీటు లేదు. ఆయన బదులు మాకొక మేనేజరు వచ్చాడు. తెలుగువాడే. మెడలో నాలుగు ఐడీ కార్డులు, చేతిలో సెల్ఫీ స్టిక్కు. నా రేసు కుర్చీని మొదటిసారి చూసి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“దీనికి నాలుగో చక్రం విమానంలో వదిలేశారా తల్లీ?” అన్నాడు.

మా కోచ్‌ను కాదని పంపిన నిపుణుడు ఆయన.

ఇక నా పందెం. పదిహేనువందల మీటర్లు. ఆ స్టేడియం చూడాల్సిందే. నున్నటి ట్రాకు. గుంత లేదు, గొర్రెల మంద లేదు, ఎదురుగా రాంగ్‌రూట్‌లో వచ్చే ట్రాక్టరు లేదు. ఇంత సుఖమైన దారిలో ఓడిపోవడానికి మనిషికి ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి అనుకున్నాను. ఆ ప్రతిభ నాలోనే ఉందని తెలియలేదు.

తుపాకి పేలింది. మొదటి చుట్టులో ఆరోదాన్ని, తర్వాత నాలుగోదాన్ని, ఆఖరి చుట్టు గంట మోగేసరికి మూడోదాన్ని. నా ముందు రెండే కుర్చీలు. వెనక ఎంతమంది ఉన్నారో తెలియదు, తల వంచుకునే ఉన్నాను. చేతులు బాగున్నాయి, ఊపిరి బాగుంది. కంచు ఖాయం, ఇంకొంచెం గుద్దితే వెండి. నిజం చెప్పొద్దూ, పతకం మెడలో వేసుకుని ఫోటో దిగేటప్పుడు నవ్వాలా, గంభీరంగా ఉండాలా అని కూడా ఆలోచించాను. అంత తీరిగ్గా ఉన్నాను.

అప్పుడు, అవతలి వైపు నేరుగా పోయే దారిలో, ప్రేక్షకుల్లో ఎవరో మహానుభావుడు, ఎవరిని ఉత్సాహపరచడానికో, ఒక గాలి హారన్ నొక్కాడు.

బాఁఆఁఆఁ!

కార్ల లారీ. సందేహమే లేదు. పెనుకొండ మలుపు దగ్గర వినపడే అదే గొంతు, అదే దర్పం.

నా బుర్ర పాపం ఏమీ చేయలేదు. దాన్ని ఎవరూ అడగలేదు కదా. చేతులే చూసుకున్నాయి. కుర్చీ ఎడమకు తిరిగింది. తెల్లగీత దాటి పచ్చికలోకి దిగింది. కుడిచెయ్యి చక్రం వదిలి, గాలిలోకి లేచి, దర్జాగా ఊగింది. అంతటితో ఆగానా? నోరు కూడా ఉందాయె.

“పో అన్నా, పో!” అని అరిచాను.

లారీ రాలేదు. ఒక కుర్చీ పోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకో మూడు. తడి పచ్చికలో చక్రాలు కూరుకుపోతుంటే, చెయ్యి ఇంకా గాల్లోనే ఉండగా, అందరూ వరసగా నా ముందునుంచి వెళ్లిపోయారు. పెళ్లివారిని గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పంపినట్టు పంపాను అందరినీ. పైన పెద్ద తెరమీద నా చెయ్యి ఊగుతున్న దృశ్యం నెమ్మదిగా రెండోసారి వేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను బండిని మళ్లీ ట్రాకు మీదికి ఈడ్చుకొచ్చి చిట్టచివర గీత దాటాను.

అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. హెల్మెట్ తియ్యకుండా ఏడ్చాను. తీస్తే కెమెరాలు చూస్తాయని.

కంచు పతకం వచ్చినమ్మాయి పేరు లోరీ. ముందురోజు సాధనలో పడి మోచేతికి కట్టు కట్టుకుని ఉంది. ఎర్రబడిన మొహంతో నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో గబగబా ఏదో అడిగింది. నాకు అర్థమైనంతవరకు, ‘దాటగలిగితే దాటు చూద్దాం అని చెయ్యి ఊపి వెక్కిరిస్తావా?’ అని. ఇంతలో ఒక విలేకరి మైకుతో వచ్చింది. వాళ్లిద్దరి వెనకే, నాలుగు ఐడీ కార్డులూ గలగలలాడించుకుంటూ మా మేనేజరు.

“ఎందుకు తప్పుకున్నావని అడుగుతోంది” అన్నాడు.

“లారీ వస్తాందనుకున్నా సార్.”

విలేకరి కళ్లు పెద్దవయ్యాయి. “లోరీ?” అంది.

“యెస్, లోరీ!” అన్నాడు మేనేజరు, రెప్ప వేసేలోగా.

ఆ తర్వాత ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నా మూడు మాటలు ఆయన నోట్లో పడి పురాణమైపోయాయి. మధ్యలో ఒకసారి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఒకసారి ఆకాశం వైపు చూపించాడు. లోరీ మోచేతి కట్టును చూపించి గొంతు వణికించాడు. లోరీ మొహంలో ఎరుపు పోయింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వచ్చి నన్ను వాటేసుకుంది.

“ఏం చెప్పినారు సార్?” అన్నాను ఆమె భుజం మీదుగా.

“నువ్వు చెప్పిందే తల్లీ. కొంచెం ఇస్త్రీ చేశా.”

గాయపడిన ప్రత్యర్థికోసం పతకాన్ని వదులుకున్న భారత నారి! సాయంత్రానికల్లా ఫోన్లన్నిటిలో నేనే. వెనక్కి తిరిగి చూడలేని నేను, వెనకున్న అమ్మాయి మోచేతిని ఎలా చూశానని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాలాంటి కాళ్లు పనిచేయని పిల్ల గెలిస్తే ఒక పేరా రాస్తారు. త్యాగం చేస్తే పేజీ ఇస్తారు.

రంగప్ప సార్ ఫోన్ చేశాడు. ఆయన ఒక్కడే నన్ను పొగడలేదు.

“సుగుణా, నిజం చెప్పు. హారన్ ఇనపడిందా?”

“ఇనపడింది సార్.”



“ఎడమకు బాగానే తిప్పినావు” అన్నాడు. తర్వాత దగ్గు వినిపించింది. అది ఏడుపో నవ్వో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఊరికొచ్చాక సన్మానాలు మొదలయ్యాయి. హిందూపురంలో నిర్వాహకుడికి జరిగింది జరిగినట్టు చెప్పాను. “ఎంత వినయమమ్మా నీది!” అని శాలువా కప్పాడు. పెనుకొండలో ఇంకొకాయనకు చెప్పాను. “గొప్పోళ్లు గొప్ప ఒప్పుకోరు” అని ఇంకో శాలువా కప్పాడు. మే నెలలో. నిజం చెప్పిన ప్రతిసారీ ఒక శాలువా పడుతోందని గ్రహించి నోరు మూసుకున్నాను. ఒక్క వేదికకూ ర్యాంపు లేదు, అన్నిటికీ మెట్లే. చక్రాల కుర్చీ పరుగు గురించి మాట్లాడటానికి నన్ను కుర్చీతో సహా నలుగురు మోసి, ఊరేగింపు విగ్రహాన్ని దించినట్టు దించేవారు.

ఆఖరి సభ ధర్మవరంలో. ముందు వరసలో అవ్వ, నాయన. పక్కన రంగప్ప సార్. వేదికమీద మా ప్రాంతపు నాయకుడొకాయన మైకు పట్టుకున్నాడు.

“గెలవల్లని అందరూ అనుకుంటారు! గెలవొద్దని అనుకునేది మహాత్ములే! మన సుగుణమ్మ వచ్చే పోటీల్లో కూడా ఇట్లే త్యాగం చేసి, మన సీమకు పేరు తేవల్లని కోరుకుంటాండా!”

జనం చప్పట్లు. ఈలలు. మా వీధివాళ్లే ఎక్కువ కొడుతున్నారు. నేను మళ్లీ ఓడిపోవాలని నా సొంత ఊరు ఇంత ఆనందంగా కోరుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు వంగి మైకు లాక్కున్నాను.

“అన్నా, నాకు త్యాగం వద్దు! మెడల్ కావల్ల! దానికోసరమే పోయినా. ఎవరో హారన్ కొడితే హిందూపురం రోడ్డనుకున్నా. ఎనక లారీ వస్తాందని తప్పుకున్నా. అంతే! నన్ను మళ్లా ఓడిపొమ్మని చప్పట్లు కొడతాండారే, మీకిదేమైనా న్యాయమా?”

నాయకుడి చెయ్యి శాలువాతో సహా గాలిలో ఆగిపోయింది. ముందు వరసలోంచి మా అవ్వ లేచి నిలబడింది.

“అయితే నీ మెడలు పోయింది లారీ మూలాన్నా?” అంది గట్టిగా. “యా ఊరి లారీ అది? నంబరు చూసినావా?”

ముందు రంగప్ప సార్ పగలబడ్డాడు. తర్వాత నాయన. తర్వాత షామియానా ఊగిపోయేలా ఊరంతా. జన్మలో మొదటిసారి వేదికమీద నన్ను చూసి ఎవరూ జాలిపడలేదు. కడుపు పట్టుకుని నవ్వారు. శాలువాలన్నిటికంటే అదే నాకు బాగుంది.

నాయకుడు రాజకీయాల్లో ఊరికే ఎదగలేదు. గుక్క తిప్పుకుని, “ఏం కావల్లో అడుగు తల్లీ, చేపిస్తా” అన్నాడు.

“ప్రాక్టీసుకు ట్రాకు కావల్ల. అది అయ్యేదాకా ఆ రోడ్డులో నా ఎనక హారన్ కొట్టకుండా చూడండి.”

ట్రాకు ఇప్పటికీ పరిశీలనలో ఉంది. హారన్ సంగతి మాత్రం వెంటనే తేల్చారు. రోడ్డుపక్క పెద్ద బోర్డు పాతారు: ‘త్యాగమూర్తి సుగుణ సాధన చేయు స్థలము. హారన్ కొట్టరాదు.’ త్యాగమూర్తి మళ్లీ వచ్చి చేరింది. నాయకుడి ఫోటో కూడా.

ఆ బోర్డు పెట్టకముందు అవసరమున్నవాళ్లే హారన్ కొట్టేవారు. ఇప్పుడు ప్రతి డ్రైవరూ బోర్డు చదువుతాడు, కిందికి చూస్తాడు, నన్ను గుర్తుపడతాడు.

“అక్కా! స్టేడియంలో మాకు సైడిచ్చింది నువ్వేనా?” అని తల బయటపెట్టి, అభిమానం కొద్దీ రెండు పొడుగాటి హారన్లు కొడతాడు.

దాంతో రంగప్ప సార్ శిక్షణ తలకిందులు చేశాడు. మోపెడ్ మీద నా వెనకే వస్తూ చెవులు పగిలేలా తనే హారన్ కొడతాడు. “తిప్పొద్దు! నేరుగా పో! తిప్పినావంటే దిగొచ్చి కొడతా!” అని అరుస్తాడు. చూసేవాళ్లకు ఆయన దారి అడుగుతున్నాడో ఇవ్వొద్దంటున్నాడో అంతుపట్టదు.

వచ్చే పోటీలకు మళ్లీ ఎంపికయ్యాను. కాబట్టి ఈ మూడు ఊళ్ల జనం సాక్షిగా, నా మూడు చక్రాలమీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ దేశపు ట్రాకు మీదైనా సరే, నా వెనక నిజంగానే లారీ వచ్చినా, అది పదహారు చక్రాలదైనా, దానికి బ్రేకులు ఫెయిలైనా, నేను వెంట్రుకవాసి కూడా పక్కకు జరగను. త్యాగమేదో ఈసారి ఆ డ్రైవరన్ననే చేసుకోమనండి.