వినిపించని దస్తావేజు

మా రైటరు మామ కాలం చేశారని ఆత్మకూరు నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు మా వాకిట్లో దిగి చెప్పి వెళ్లాడు. నేను జపమాల పక్కన పెట్టి తమ్ముడి వైపు చూశాను. వాడు అప్పటికే విన్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు, నాయనకు స్నేహితుడు. ఆత్మకూరు రిజిస్ట్రారు ఆఫీసు ముందు చాప పరుచుకుని దస్తావేజులు రాసేవారు. ఎంత తొందరైనా, రాసిన ప్రతి కాగితాన్నీ వేలిముద్ర వేసేవాళ్లకు రెండుసార్లు పైకి చదివేవారు. "విననోడు నా చాప మీదికి రాగూడదు" అనేవారు.

ఒక్క దస్తావేజు మాత్రం వినిపించలేదు. అది మాది.

యుద్ధంలో తమ్ముడికి రెండు కళ్లూ పోయాయి. చెన్నపట్నంలో వైద్యం చేయిస్తే చూపు వస్తుందేమోనని నాయన ఉదయగిరిలోని మా ఇల్లు తాకట్టు పెట్టారు. అప్పిచ్చినాయన పంపిన చిత్తును మామ ఉన్నదున్నట్టు స్టాంపు కాగితం మీదికి ఎక్కించారు. "మనోళ్లకి చదివేదేంది, బస్సు పోతాది, వెయ్యి బావా వేలిముద్ర" అన్నారట.

చూపు రాలేదు. ఆ ఏడే నాయన పోయారు. తమ్ముడి మిలిటరీ పింఛను మా ఇద్దరి తిండికే చాలేది. వడ్డీకి గడువు అడిగితే, ఏ ఏటి వడ్డీ ఆ ఏడు మాఘంలోగా కట్టకపోతే ఇల్లు తనదేనని కాగితంలో ఉందని అప్పిచ్చినాయన కబురు పంపాడు. ఆ షరతు సంగతి మాకు అప్పుడే తెలిసింది.

నేను వెళ్లి అడిగితే మామ నకలు తీసి చూసుకున్నారు. ఆ సాయంత్రం మా ఇంటికే వచ్చారు.

"నా చేత్తోనే రాసినాను అమ్మాయ్. వినుంటే మీ నాయన ఒప్పుకునేటోడు కాదు."

"పోనీలే మామా, చిన్న ఇల్లేదన్నా చూసుకుంటాం" అన్నాను.

తమ్ముడు అడ్డొచ్చాడు. "ఈ ఇంట్లో ఏ స్తంభం యాడుండాదో నాకు తెలుసక్కా. బయట నేను గుడ్డోణ్ణి. ఈడ కాదు."

ఆ మాఘం నుంచి ఏటా సగం వడ్డీ మేం తిండి తగ్గించుకుని పింఛనులో కూడబెట్టేవాళ్లం, సగం మామ వేసేవారు. తమ్ముడి తరఫున సర్కారుకు అర్జీలు కూడా రాశారు. ఒక ఏడు కొంత సాయం వచ్చింది, ఆ తర్వాత జవాబే లేదు. నేను దండం పెట్టబోతే, "పెట్టబాకమ్మాయ్, ఇది దానం కాదు" అనేవారు. వడ్డీ కట్టి సాయంత్రం బస్సుకు వచ్చి, రసీదు రెండుసార్లు చదివి తమ్ముడి అరచేతిలో పెట్టేవారు.

"నీకంటే ముందు సిరా వాసనొచ్చినాది మామా" అనేవాడు వాడు.

"కళ్లు పోయినా నోరు పోలేదురా నీకు!"

పోయిన నెల ఆయన మంచం పట్టారని తెలిసి చూడబోయాను. దిండు కింద నుంచి మా దస్తావేజు నకలు తీసి చదవమన్నారు. ఆ షరతు దగ్గరికొచ్చి, బాధపడతారని దాటేశాను.

"ఒక మాట ఎగ్గొట్టినావమ్మాయ్."

చదివాను. కళ్లు మూసుకుని విన్నారు.

"ఇంకోసారి" అన్నారు.

ఈ మాఘం వడ్డీ ఇంకా కట్టలేదు. మా సగం పెట్టెలో ఉంది. మిగతా సగం కోసం దేవుణ్ణి అడుగుతున్నాను.

ఇప్పటికీ సాయంత్రం ఆత్మకూరు బస్సు ఆగిన చప్పుడు వినగానే తమ్ముడు లేస్తాడు. కర్ర లేకుండా, స్తంభం తడుముకుని, తొమ్మిది అడుగులు నడిచి గడప దగ్గర ఆగుతాడు. గాలి పీలుస్తాడు. అరచేయి చాచే ఉంటుంది.