సుధాకర్ గారి ఫైల్ మూసేశారట

నిన్న ఉదయం మియాపూర్‌లో మెట్రో ఎక్కుతుంటే సుధాకర్ గారి భార్య ఫోన్ చేశారు.

"మీ సార్ లేరమ్మా" అన్నారు.

ఏ సార్ అని అడిగాను. బుర్ర అంత మొద్దుబారిపోయింది.

పన్నెండేళ్ళు ఒకే సెక్షన్. నా పక్క సీటు ఆయనది. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

మా పని ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ రూల్ ప్రకారం జరుగుతోందో లేదో చూసి రిపోర్ట్ రాయడం. బ్యాగుల ఎక్స్‌రే స్క్రీన్ ముందు ఒక మనిషి ఇరవై నిమిషాలకు మించి కూర్చోకూడదని రూల్. ఆ తర్వాత కళ్ళు చూస్తాయి గానీ బుర్రకు ఎక్కదు అనేవారు ఆయన.

ఈ రూల్ పిచ్చి ఎక్కడికెళ్ళినా వదిలేది కాదు.

ఒకసారి హైటెక్ సిటీలో మా ఆయన ఆఫీసు ఫ్యామిలీ డేకి సుధాకర్ గారినీ తీసుకెళ్ళాం. గేటు దగ్గర బ్యాగుల మెషీన్ ముందున్న అమ్మాయిని "ఎంతసేపయిందమ్మా కూసొని?" అని అడిగారు.

"పొద్దుగాల్నుంచి సార్. నా జాగల కూసునేటోళ్ళు లేరు."

అంతే. సూపర్‌వైజర్ వచ్చి ఇంకొకరిని కూర్చోబెట్టేదాకా కదల్లేదు. వెనక క్యూ అంతా గొణుగుడు. మా ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపల బిర్యానీ చల్లారిపోయింది.

తర్వాత ఎయిర్‌పోర్టులో స్టాఫ్‌ని తగ్గించారు. స్క్రీన్ ముందు గంటల తరబడి ఒకే మనిషి. రిజిస్టర్‌లో మాత్రం టంచనుగా మారుతున్నట్టు సంతకాలు. సెలవులో ఉన్నవాళ్ళవి కూడా. ఆయన ఆ పేజీలు నాకు చూపించారు.

పైకి లెటర్ రాశారు. జవాబు లేదు. ఇంకా పైకి రాశారు. ఈసారి ఎంక్వైరీ వేశారు, ఆయన మీదే. ఆఫీసు కాగితాలు బయటపెట్టారని ఆరోపణ.

ఎంక్వైరీలో మన తరఫున మాట్లాడటానికి ఒక కొలీగ్‌ను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. నన్ను అడిగారు.

"నన్ను ట్రాన్స్‌ఫర్ చేస్తారేమో సార్, పాపది టెన్త్" అన్నాను.

"ఏం కాదమ్మా, ఫికర్ చేయకు. పాప చదువు చూస్కో."

తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కరే వెళ్ళారు. నాకు సిగ్గుగా ఉంది, ఇప్పటికీ.

ఆయన ప్రమోషన్ అడగలేదు. తప్పు చేయలేదని ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. దానికోసమే ఎదురుచూస్తూ పోయారు.

ఈరోజు ఆఫీసులో చెప్పారు, మనిషే పోయాడు కాబట్టి ఫైల్ క్లోజ్ అని. తప్పు చేశారనీ రాయరు, చేయలేదనీ రాయరు.

అందుకే నేను రాస్తున్నాను, నా పేరుతోనే. ఆ దొంగ సంతకాలు నేనూ చూశాను. సుధాకర్ గారు చెప్పింది నిజం. ఎవరు పిలిచినా వచ్చి చెబుతాను.

ఈ మాట మీ పక్కన కూర్చుని అనాల్సింది సార్. క్షమించండి.

వెళ్ళిరండి. ఇకనైనా మీ మనసు నెమ్మదించాలి.