అక్క కోసం కొన్న టోపీ

నాది ప్లానింగ్ ఉద్యోగం. అబుదాబిలో ఒక నిర్మాణాల కంపెనీలో ఏ పని ఏ వారం మొదలవ్వాలి, ఏది ఆలస్యమైతే దేని మీద దెబ్బ పడుతుంది అని పట్టికలు వేస్తుంటాను. ఇంట్లోనూ అదే జబ్బు. కరోనా సద్దుమణిగిన రెండేళ్ళకు మా ముదీర్, అంటే మేనేజరు, మూడు వారాల సెలవు మీద సంతకం పెట్టగానే, ఫ్రాన్సులో ఒక పల్లెటూరి ఇల్లు అద్దెకు తీసుకుని రోజువారీ పట్టిక తయారు చేశాను. ఏ రోజు ఏ ఊరు, ఏ పూట ఏ కూర, అన్నీ అందులో ఉన్నాయి. "ఊరికే కూర్చోడం ఏ రోజుందో చెప్పు, ఆ రోజు నేనొస్తాను" అన్నారు మా ఆయన.

ఆ పట్టికలో మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు కాక ఐదో మనిషి కూడా ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ. నరసాపురం దగ్గర ఒక పల్లె. పిల్లలు పిన్నీ అని పిలుస్తారు, విని విని నాకూ ఆవిడ పిన్నే అయిపోయింది. నాకంటే రెండేళ్ళు పెద్దది. మా చిన్నవాడు నడక నేర్చింది ఆవిడ వేలు పట్టుకునే. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. పదిహేనేళ్ళ కిందట మొదటిసారి దుబాయ్ విమానమెక్కేనాటికి ఆవిడకు మూడేళ్ళ కూతురు. ఆ పిల్లను పెంచింది ఆవిడ అక్క. అక్క సంతలో చేపలమ్ముతుంది. ప్రతి ఆదివారం అక్కాచెల్లెళ్ళు ఫోన్లో పులుసులోకి ఎంత చింతపండు వెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టి చిన్నప్పటి తగాదాల దాకా వెళ్ళి, ఆఖర్న ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుని పెట్టేసేవారు.

పిన్నిని ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగినవాళ్ళందరికీ "పాపం, తనకీ నాలుగు ఊళ్ళు చూపిద్దామని" అని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వేరు. ఆఖరి వారం మా ఆడపడుచు కుటుంబం జర్మనీ నుంచి వచ్చి మాతో ఉంటుంది. తొమ్మిది మందికి రెండు పూటలా వండాలి. సెలవుల్లో కూడా గరిటె పట్టుకోవడం నా వల్ల కాదు. రైస్ కుక్కర్, చింతపండు, ఆవకాయ, రసం పొడి, వాటితో పాటు పిన్నినీ సర్దుకున్నాను. ఇలా రాస్తే చదివేవాళ్ళకు నా మీద కోపం రావచ్చు. రానివ్వండి.

ఆ ఇల్లు రాతి గోడలతో, ఆకుపచ్చ చెక్క తలుపులతో గుట్ట మీద ఉండేది. కింద కనుచూపు మేర పొద్దుతిరుగుడు చేలు. అబుదాబిలో జులై అంటే ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఇంకో ఏసీలోకి పరుగెత్తడమే. ఇక్కడ పిన్ని పొద్దున్నే అరుగు మీద కాళ్ళు చాపుకుని, మొహాన ఎండ పడేలా కూర్చునేది. "ఎండ కూడా ఎంత మెత్తగా ఉందండీ ఇక్కడ" అనేది. ఇంటావిడ పక్కింట్లోనే ఉండేది, డెబ్బై దాటిన మనిషి. ఆవిడకు తెలుగు రాదు, పిన్నికి ఫ్రెంచి రాదు. ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఆవిడ ఆప్రికాట్ పళ్ళు ఇస్తే పిన్ని గిన్నె ఖాళీగా పంపకూడదని పులిహోర పెట్టి పంపింది. చర్చి గంట మోగినప్పుడల్లా చేతిలో పని ఆపి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఉన్న మనిషిని అంత తీరిగ్గా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ ఫోను అక్కడ పనిచెయ్యలేదు. ఏదైనా అవసరమైతే నాకు చెయ్యమని వాళ్ళ బావకు, అక్క భర్తకు, ముందే నా నంబరు ఇచ్చింది. ఎలాగూ గల్ఫులో మనవాళ్ళ ఆనవాయితీ అదే. ఇంటి దగ్గర చావు జరిగితే పనిచేసే మనిషికి చెప్పరు, యజమానికి చెప్తారు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించమంటారు. విమానంలో, ఒంటరిగా, తెలిసి ఏడుస్తూ రావడం కంటే ఇంటికొచ్చాక నలుగురి మధ్య తెలియడం మంచిదని వాళ్ళ నమ్మకం. మనింట్లోనూ అంతే కదా, ఊళ్ళో ఎవరైనా పోతే ముందు "సీరియస్‌గా ఉంది, బయల్దేరండి" అనే అంటారు.

ఆఖరి వారం, మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అక్క సంతలో చేపల గంప దగ్గరే కూలబడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. గుండె అన్నారట.

"తను రాగలదాండీ? వస్తానంటే ఐసు పెట్టెలో పెడతామండి. రెండ్రోజులు ఆగగలం" అన్నాడు.

రెండు రోజులు. నా బుర్రలో వెంటనే పట్టిక తెరుచుకుంది. ఇక్కణ్ణుంచి పారిస్‌కు రైలు, అక్కణ్ణుంచి విమానం, మధ్యలో ఒకచోట మారాలి, హైదరాబాదులో దిగాక మళ్ళీ నరసాపురం. కష్టమే, కానీ కుదరకపోదు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పనే అది, కుదరనట్టు కనిపించేవాటిని కుదర్చడం. కానీ ఆ లెక్కంతా పూర్తయ్యేలోపే ఇంకో మాట తలలోకి వచ్చింది. రేపు సాయంత్రం ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు, వంట ఎవరు చేస్తారు?

ఆ మాట నాకు వచ్చింది. దాన్ని దాచుకుని ఈ కథ చెప్పలేను.

"కుదరదు బాబూ, మాకు ఆదివారం దాకా టికెట్లు లేవు" అన్నాను.

అతను "అయితే రేపు మధ్యాహ్నం సమాధి చేసేస్తామండి. తనకి చెప్పకండి, ఇంటికొచ్చాక మేం చెప్పుకుంటాం" అన్నాడు. సరే అన్నాను. అతనే చెప్పొద్దన్నాడు కదా అనుకుంటే గుండె కాస్త తేలికపడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఆయనకు చెప్తే, "నేను పారిస్ దాకా వెళ్ళి దింపి వస్తాను, ఎంతసేపు" అని లేచారు. నేనే కూర్చోబెట్టాను. ఒంటరిగా విమానం మారలేదన్నాను, దారిలో ఏమైనా అయితే ఎవరు చూస్తారన్నాను. ఇంకో కారణం కూడా చెప్పాను, అది మాత్రం నిజంగా నమ్మాను. కరోనా రెండో ఏడు మా నాన్న విజయవాడలో పోయారు. అప్పుడు ఇండియా వెళ్తే తిరిగి రానిచ్చే పరిస్థితి లేదు. వంటింట్లో ఉప్పు డబ్బాకు ఫోను ఆనించి, నాన్నను సాగనంపడం వీడియోలో చూశాను. మధ్యలో సిగ్నల్ తెగి, మళ్ళీ కలిసేదాకా నాన్న మొహం తెర మీద అలాగే ఆగిపోయింది. చాలాకాలం ఫోను చూస్తేనే భయం వేసేది. అలాంటి చూపు పగవాళ్ళకు కూడా వద్దు, తెలియకపోవడమే మేలు అన్నాను. నాన్నను సాగనంపిన రోజు నా వెనక నిలబడి, నేను కుర్చీలోంచి పడిపోకుండా రెండు భుజాలూ పట్టుకుంది పిన్నేనన్న సంగతి మాత్రం ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

బుధవారం ఊళ్ళో సంత. పట్టికలో ఉంది కాబట్టి వెళ్ళాం. పిన్ని చేపల దుకాణం దగ్గర ఆగి, ఐసు మీద పరిచిన చేపల్ని వేలితో నొక్కి, "మా అక్కయితే వీటిని ఇంటికి కూడా రానివ్వదు" అని నవ్వింది. పక్కనే ఒకతను గడ్డి టోపీలు అమ్ముతున్నాడు. వెడల్పాటి అంచులు, చుట్టూ రిబ్బను. "మా అక్కకండి. ఎండలో కూర్చుంటుంది కదా. నవ్వుతారని పెట్టుకోదు గానీ, నేను తెచ్చానంటే పెట్టుకుంటుంది" అంటూ రెండు టోపీలు చేతుల్లోకి తీసుకుంది. ఒకదానికి నీలం రిబ్బను, ఒకదానికి ఎరుపు.

"అక్కది చామనఛాయండి. ఏది బాగుంటుందంటారు?"

అప్పుడు నరసాపురంలో మధ్యాహ్నం. నేను గడియారం చూసుకున్నాను. నీలం బాగుంటుంది అన్నాను.

ఆ నాలుగు రోజులూ పిన్ని పద్ధతి తప్పకుండా వండింది. పప్పుచారు, కోడికూర, మా ఆడపడుచు అడిగిందని గారెలు. అందరూ తిని మెచ్చుకున్నారు. పిన్ని మేలుకుని ఉన్నంతసేపూ ఆవిడ ఉన్న గదిలో నేను ఉండలేకపోయేదాన్ని. గురువారం వచ్చి, "ఒక్కసారి అక్కతో మాట్లాడించండమ్మగారూ, టోపీ సంగతి చెప్తాను" అంది. సిగ్నల్ లేదన్నాను. పక్కనే నా ఫోనులో అప్పుడే మా అబ్బాయి ఏదో ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాడు. ఆవిడ ఫోనుకేసి చూసి, "ఆదివారం ఇంటికెళ్ళాక చేద్దాంలెండి" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నానికి ముందు పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "ప్రభువా, మా అక్క మోకాళ్ళ నొప్పి తగ్గించు." నేను లేచి పెరట్లోకి పోయి, ఆరని బట్టలు తీసి మడతలు పెట్టాను.

తిరుగు విమానంలో పిన్ని టోపీని పై అరలో పెట్టనివ్వలేదు. నలుగుతుందని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చేతులు వేసుకుని కూర్చుంది.

అబుదాబిలో దిగాక ఇంట్లో సామాన్లు దించి, రేపటి టికెట్టు ఆవిడ చేతికిచ్చాను. "అక్కకి ఒంట్లో బాగాలేదట, ఫోన్లో మాట్లాడలేకపోతోందట, నిన్ను చూడాలంటోందట" అన్నాను. అన్నీ ముందే అద్దం ముందు అనుకున్న మాటలే. పిన్ని నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అక్క ఉందా అమ్మగారూ?"

"ఉంది" అన్నాను.

నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువగా తింటుంది. అడిగింది తను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

అక్క పేరున చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, నెలన్నరకు తిరిగొచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. కూతురు నర్సింగ్ చదువులో చేరింది, ఫీజులు కట్టాలి, రాక తప్పలేదు. మనిషి చిక్కిపోయింది. టోపీ ఏం చేశావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. తనే చెప్పింది, బావ దాన్ని అక్క గంప పక్కన గోడ మేకుకు తగిలించాడట. మొదటి రోజు సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"రెండ్రోజులు ఆగుతామన్నారంట కదమ్మగారూ."

"పిన్నీ, టికెట్లు..."

"రాలేకపోయానే అనుకోండి. మీ నాన్నగారిని మీరు ఫోన్లో చూసుకున్నారు కదండీ. నేను మీ పక్కనే ఉన్నాను. మొహం మీద బట్ట కప్పేదాకా చూశారు. నేనూ అలాగే చూసుకుందును. ఫోను మీ చేతిలోనే ఉంది."

గొంతు పెంచలేదు. ఉల్లిపాయలన్నీ తరగడం అయ్యాక పళ్ళెం నా ముందు పెట్టి, చేతులు కడుక్కుంది. నేను క్షమించమన్నాను. ఆవిడ ఆ మాట విననట్టే పొయ్యి వెలిగించింది. క్షమించాను అనలేదు, ఇప్పటిదాకా అనలేదు.

జనవరిలో ఆవిడ కాంట్రాక్టు మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. మామూలుగా జీతం సంగతి, సెలవుల సంగతి అడుగుతుంది. ఈసారి మా ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టి తను నిలబడి అడిగింది. "నాకు ఒకటే కావాలండి. మా ఇంటి నుంచి ఏ కబురొచ్చినా వచ్చిన నిమిషంలో నాకు చెప్పాలి. నేను అన్నం తింటున్నా, నిద్రపోతున్నా లేపి చెప్పాలి. మావాళ్ళు వద్దన్నా చెప్పాలి. అలాగైతేనే ఉంటాను." కాగితంలో ఇలాంటివి రాయడానికి చోటుండదు. మాట ఇచ్చాం.

అప్పట్నుంచి నా ఫోను మోగితే వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోతుంది. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. అమ్మ, ఆఫీసు, స్కూలు అని నేను ముందు పైకి చదివి, ఆ తర్వాత ఎత్తుతాను. ఆవిడ వెళ్ళి మళ్ళీ కుళాయి తిప్పుతుంది.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ నంబరు కనిపించింది. ముఖ్యమైన కబురైతే ఇప్పటికీ అతను నాకే చేస్తాడు. నేను ఎత్తలేదు. నోట్లో ముద్ద అలాగే ఉంది, ఫోను పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడ చెవికి ఆనించుకుని గోడకేసి తిరిగింది. ఊఁ అంది, మళ్ళీ ఊఁ అంది. నేను లేచి నిలబడి కుర్చీ వెన్ను పట్టుకున్నాను. పిన్ని మాట్లాడుతూనే ఇటు తిరిగి నన్ను చూసింది. వచ్చి, ఖాళీగా ఉన్న చెయ్యి నా భుజం మీద వేసింది.

"ఏం లేదమ్మగారూ, మా పిల్ల పరీక్ష పాసయిందంట. కూర్చోండి" అంది.