జపానమ్మాయి బొమ్మ ముందు రజిత

2010. గోదావరిఖనిలో నాది ఆటసామాన్ల దుకాణం. బొగ్గుగని కాలనీల నుంచి వచ్చే బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్టింగ్ చేయడం, అంటే తెగిన గట్ తీగ తీసి కొత్తది అల్లి బిగించడం నా అసలు పని. గట్టింగ్ మెషీన్ పక్కన గోడకు ఒక జపాన్ డబుల్స్ క్రీడాకారిణి బొమ్మ అతికించాను. ఆమె పేరుకు నా నోరు తిరగదు, జపానమ్మాయి అనేవాణ్ని. ఒలింపిక్ పతకం లేని మనిషి బొమ్మెందుకని కొందరు ఎకసెక్కాలాడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. వాళ్ల దేశంలో కేవలం ఆమెను చూడ్డానికే జనం స్టేడియాలకు ఎగబడేవాళ్లు మరి!

ఆ బొమ్మకు నాకన్నా పెద్ద అభిమాని రజిత. గనిలో పనిచేసే పోశమన్న కూతురు. ఎస్తేరు అనే స్నేహితురాలితో కలిసి కాలనీ కోర్టులో డబుల్స్ ఆడేది. ఎస్తేరుకు మంచిర్యాలలో టీచరు ఉద్యోగం రావడంతో రజితకు జోడీ లేకుండా పోయింది. పిల్ల అన్నం కూడా సరిగా తినడం లేదని పోశమన్న నా దగ్గర వాపోయాడు.

సరిగ్గా అప్పుడే జపానమ్మాయి జోడీ కూడా ఆట మానేసింది. ఆమె మాత్రం ఆగలేదు, మగ జోడీతో మిక్స్‌డ్ డబుల్స్‌కు మారింది. ఆ వార్త చదివిన రజిత తండ్రిని వెంటబెట్టుకుని దుకాణానికొచ్చి, తానూ శ్రీనుతో మిక్స్‌డ్ ఆడతానంది. శ్రీను గనిలో ఎలక్ట్రీషియన్, మంచి స్మాష్ ఉన్నవాడు. పోశమన్న ససేమిరా అన్నాడు. పరాయి పిల్లగాడితో రోజూ ఆడితే కాలనీ నోరు మూసుకుంటుందా అన్నాడు.

"నలుగుట్ల అన్న అని పిలుస్త నాయినా. ఇగ ఎవ్వలేమంటరు?" అంది రజిత.

వరస కలిపాక ఇక పేచీ ఏముంది? పోశమన్న మెత్తబడ్డాడు. నాకూ భేషైన ఉపాయమే అనిపించింది.

వాళ్ల ఆట చూసి తీరాల్సిందే. మిక్స్‌డ్‌లో ఆడమనిషి ముందు నెట్ దగ్గర, మగమనిషి వెనక ఉంటారు. తలమీదుగా పోయే షటిల్‌ను వదిలేస్తూ రజిత "అన్నా!" అని కేకేసేది, శ్రీను ఎగిరి కొట్టేవాడు. శ్రీరాంపూర్ గనుల జోడీని ఓడించి కప్పు తెచ్చారు. అన్నాచెల్లెళ్ల జోడీ అని కాలనీ అంతా మురిసిపోయింది.

రెండేళ్లకు జపానమ్మాయి ఆట నుంచి తప్పుకుంది. ఆ సంగతి తెలిసి వచ్చిన రజిత బొమ్మ ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఎక్కడో ఉన్న మనిషి కోసం ఇంత ఏడుపేమిటని కసిరాను. అప్పుడు బయటపెట్టింది. శ్రీనంటే తనకు ఇష్టం, అతనికీ ఇష్టమే. రెండిళ్లకూ కులం అడ్డు కాదు. కానీ తండ్రి ఒకటే మాట అన్నాడట. "నువ్వు అన్న అంటివి, కాలనీ అంత ఇన్నది. ఇగ ఆనికి నిన్నెట్లిస్త బిడ్డా?"

"ఆట కోసం పిలిచిన కాకా," అంది నాతో. "గా పిలుపు ఇప్పుడెట్ల వాపస్ తీస్కోవాలె?"

నేను పోశమన్న ఇంటికి వెళ్లి బతిమాలాను. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి గానీ మాట మారలేదు. ఆ ఏడే మంచిర్యాల దగ్గరి జైపూర్ సంబంధం ఖాయం చేశాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది రజిత భర్తతో కలిసి నా దుకాణానికొచ్చింది. అప్పటికే శ్రీను రాకెట్ పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు.

"బాగున్నవా అన్నా?" అంది.

"బాగున్న చెల్లె," అన్నాడు.

మెషీన్ మీదికి తల వంచుకున్నాను.

ఇప్పుడు మిక్స్‌డ్ ఆడే పిల్లలు ఎవరొచ్చినా గట్టింగ్ చేసిస్తూ ఒకటే చెప్తాను. కోర్టులో పేర్లు పెట్టి పిలుచుకోండి, వరసలు కలపకండి అని.