సుహాసినిని దాటిపోయిన పళ్లెం

శనివారం ఉదయం తొమ్మిదింటికి టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్ తలుపుకి తాళం వేస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. విండ్సర్ వెళ్లేవాళ్లు సాధారణంగా నదికి అవతల డెట్రాయిట్ చూడ్డానికి వెళ్తారు. మేం వెళ్లింది చర్చికి. చర్చికి పోవడానికి నాలుగు గంటల రైలా అంటారేమో, కారణం చెప్తాను.

నా రూమ్మేట్ సుహాసినిది ఖమ్మం, నాది నరసాపురం. ఇద్దరం స్టూడెంట్ వీసాల మీద వచ్చి, చదువయ్యాక ఒకే వేర్‌హౌస్‌లో చేరాం. ఒకే తెలుగు క్రైస్తవ సహవాసానికి వెళ్లేవాళ్లం. అక్కడి సంఘపెద్ద ఒక అంకుల్ దానికి సంబంధం తెచ్చారు. "అంకుల్, నేను అబ్బాయిని చేసుకోను. నాకు అమ్మాయిలంటేనే ఇష్టం," అని అది ఉన్నమాట చెప్పేసింది. తర్వాతి ఆదివారం బల్ల. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడాన్ని మేం అలా అంటాం. రొట్టె పళ్లెం పట్టుకొచ్చిన అంకుల్, సుహాసిని చాపిన చేతుల మీదుగా దాన్ని దాటించి నా ముందు పెట్టారు. ఒక్క మాటైనా చెప్పలేదు! స్టూడెంట్ పిల్లల దగ్గర బేస్‌మెంట్ అద్దెలు పిండుకునేవాళ్లకి అందిన రొట్టె, నిజం చెప్పినదానికి అందలేదు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు అది ఏ చర్చి గడపా తొక్కలేదు. ఒక్కసారి విండ్సర్ రమ్మని బతిమాలి ఒప్పించాను.

ఎందుకంటే నేను చదివింది అక్కడే. కాలేజీలు పట్టనంతమందిని చేర్చుకుని, ఎక్కడ పడుకుంటారని మాత్రం అడగని రోజులవి. నాతో సహా, ఇల్లు దొరకని తొమ్మిదిమంది అమ్మాయిలని పదిరోజులు హాల్లో ఉండనిచ్చింది ఒక ఆంగ్లికన్ చర్చి. సుహాసినిలాంటివాళ్లకీ చోటుందని తలుపు మీద ఇంద్రధనుస్సు జెండా ఉంటుంది. పాస్టర్ మార్గరెట్ అనే పెద్దావిడ. మా దగ్గర పాస్టర్ అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు; ఈవిణ్ణి ఏమనాలో నాకు నెల్లాళ్లు తేలలేదు. పదకొండో రోజు నాకు కాఫీ కప్పులు కడిగే వంతు వేశారు. దాంతో చుట్టపు మర్యాదలు అయిపోయాయి, నేను ఆ చర్చి మనిషినయ్యాను.

టొరంటోలో పన్నెండుంపావు రైలు ఎక్కాం. టికెట్ ముందే కొంటే చవక. తిండి కట్టుకెళ్లండి, రైల్లో శాండ్‌విచ్ గడ్డిలా ఉంటుంది. మేం పులిహోర డబ్బా తెరవగానే వెనక సీట్లోంచి గుంటూరు ఆంటీ ఒకావిడ పలకరించారు. ఏ చర్చికో చెప్పాను.

"విండ్సర్‌లో మనవాళ్ల ప్రేయర్ ఉంది కదమ్మా! ఆ చర్చివాళ్లు ఎవర్ని పడితే వాళ్లని రానిస్తారంట!"

"అందుకే వెళ్తున్నాం ఆంటీ," అన్నాను. ఆవిడ మొహం తిప్పుకున్నారు, మేం పెట్టిన పులిహోర మాత్రం తిన్నారు.

ఛాతమ్ దాటాక కుడివైపు కూర్చుంటే సరస్సు కనిపిస్తుంది. నాలుగున్నరకి దిగి, స్టేషన్ దగ్గర మోటెల్‌లో గది తీసుకున్నాం. ఆదివారం బస్సులు తక్కువ, ఆరాధన పదింటికి. తొమ్మిదికే బయల్దేరాలి.

పాటలు, ప్రసంగం అయ్యాక జనం లేచి రొట్టె కోసం ముందుకి నడిచారు. "నువ్వు పో. నేను బయట నిలబడ్తా," అంది సుహాసిని. మా ఊళ్లలో అర్హత లేదన్నవాళ్లు ఆ సమయానికి బయటికి వెళ్లిపోతారు. ఇక్కడ ఎవరూ పొమ్మనలేదు. అయినా దాని కాళ్లు తలుపు వైపే నడిచాయి. దానికి ఈ అలవాటు చేసినవాళ్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నేనూ వెనకాలే వెళ్లి మంచులో మెట్ల మీద నిలబడ్డాను.

కాసేపటికి తెల్ల అంగీలో మార్గరెట్ పళ్లెంతో సహా వచ్చేసింది. ఒంట్లో బాగోలేదా అని అడిగింది. సుహాసిని అంకుల్‌కి చెప్పిన మాటే ఈవిడకీ ఇంగ్లిష్‌లో గుక్కతిప్పుకోకుండా చెప్పి, చేతులు కోటు జేబుల్లో దాచుకుంది.

"సరే," అంది మార్గరెట్. "చలిగా ఉంది, చేతులు బయటికి తియ్యి."

అంతే! అర నిమిషం పట్టలేదు. ఇంత చిన్న పనికి పద్నాలుగు నెలలు దాన్ని ఏడిపించారా? సుహాసిని రొట్టె నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత కాఫీ దగ్గర ఎవరో దాని చేతికి కప్పులు తుడిచే బట్ట ఇచ్చారు. అన్నీ తుడిచాకే బయటికొచ్చింది.

తిరుగు రైలు ఒంటిగంటా ముప్పావుకి. ఎదురెదురు సీట్లు దొరికాయి. సుహాసిని తన పక్క సీట్లో బ్యాగు పెట్టుకుంది. దారిలో లండన్ అనే ఊరి దగ్గర గూడ్స్ బండికి దారిచ్చి మా రైలు నలభై నిమిషాలు ఆగిపోయింది. నేను ఇంకా అంకుల్‌ని తిడుతూనే ఉన్నాను.

"ఆ రోజు ఆయన నీకిస్తే నువ్వు తిన్నవ్ కదా?" అంది సుహాసిని.

"తిన్నాను."

"నేను నీ పక్కనే ఉన్న."

ఇన్ని నెలలూ ఊరందరినీ తిట్టాను కానీ, ఆ పళ్లెంలోంచి రొట్టె తీసుకున్నది నా చెయ్యే. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే సహవాసం వాట్సాప్ గ్రూపులో అంకుల్ మెసేజ్ వచ్చింది: వచ్చే ఆదివారం బల్ల ఉంది, అందరూ సిద్ధపడి రండి. అందరూ అట! గ్రూపులోనే రాశాను: "అంకుల్, సుహాసినికి ఇవ్వని రొట్టె నాకూ వద్దు. ఆ రోజే లేచి చెప్పాల్సింది. నోరు మూసుకుని తిన్నాను." పంపించి, ఫోన్ దాని చేతికిచ్చాను.

అది రెండుసార్లు చదివింది.

"రైలు నలభై నిమిషాలే లేటు," అంది. "నువ్వు పద్నాలుగు నెలలు."

అని, తన పక్క సీట్లో బ్యాగు తీసి కింద పెట్టింది.